కింది అంతస్తు... కంటినిండా కునుకు!

సుబేదారికి సముద్రం దూరమే. ఓడ ప్రయాణం మాత్రం ఇప్పుడు అంత దూరమేం కాదు. విశాఖలోనో చెన్నైలోనో ఓడెక్కి నాలుగు రోజులు నీళ్లమీద తేలి వద్దామనుకునేవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న... ఏ గది తీసుకోవాలి? ఖరీదైన బాల్కనీ గదే గొప్పదనుకుంటే పొరపాటే. ప్రశాంతంగా నిద్రపోవాలన్నా, పర్సుకు చిల్లు పడకూడదన్నా చూపు కాస్త కిందికి దించాలి!

హన్మకొండలో సుబేదారి అంటే చెట్లనీడ, పాత బంగళాలు, ఆర్ట్స్ కాలేజీ, కలెక్టరేటు. నిజాం ఏలుబడిలో వరంగల్ సుబాను పాలించిన సుబేదారు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. కాజీపేట నుంచి హన్మకొండ వెళ్లే పెద్దరోడ్డు పొద్దస్తమానం హోరెత్తుతూనే ఉంటుంది. రెండు సందులు లోపలికి వెళితే మాత్రం పిట్టల కూతలు వినిపిస్తాయి. అందుకే ఇక్కడ అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లు ముందుగా అడిగేది... 'రోడ్డుమీదా, లోపలా?' అని. రోడ్డుమీది ఇంటికి హోదా ఎక్కువ, అద్దే ఎక్కువ. లోపలి ఇంట్లో నిద్ర ఎక్కువ. ఓడలో గది ఎంచుకోవడమూ అచ్చం ఇలాంటిదే.

ఒకప్పుడు విహారనౌక అంటే సింగపూర్ వెళ్లినవాళ్లు చెప్పే ముచ్చట. 'సూపర్‌స్టార్ వర్గో' ఫొటోలు ఆల్బంలో పెట్టుకుని చుట్టాలకు చూపించుకున్న కుటుంబాలు తెలుగునాట చాలానే ఉన్నాయి. 2022 జూన్‌లో 'కార్డీలియా ఎంప్రెస్' విశాఖ రేవుకు రావడంతో ఆ ముచ్చట మన తీరానికే వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా మొదలైంది. కాజీపేటలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. వరంగల్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నే చెన్నై. ఓడలు ఏడాది పొడవునా ఉండవు, వేళలూ మారుతుంటాయి కాబట్టి ముందుగా కనుక్కోవాలి. దేశం లోపలి రేవులకైతే గుర్తింపు కార్డు చాలు. శ్రీలంక లాంటి చోట్లకైతే పాస్‌పోర్టు కావాల్సిందే.

బస్సులో వెనక సీటు... ఓడలో చివరి గది!

ఎర్రబస్సులో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు గుంత వచ్చినప్పుడల్లా నెత్తి పైకప్పుకు తగులుతుంది. మధ్య సీట్లోవాళ్లకు అదే గుంత ఉన్నట్టే తెలీదు. ఓడలోనూ అదే సూత్రం. ముందు నుంచి వచ్చే అలలకు ఓడ తూగుడుబల్లలా ముందూవెనకా లేస్తూ దిగుతూ ఉంటుంది. పక్క నుంచి వచ్చే అలలకు ఉయ్యాలలా అటూఇటూ ఒరుగుతుంది. ఎటు ఊగినా కొసలకే కుదుపు ఎక్కువ. నిలువునా చూస్తే పై అంతస్తులకే ఊపు ఎక్కువ. తాటిచెట్టు గాలికి ఊగేటప్పుడు మొదలు కదలదు కదా... కొసే కదా ఊగేది! అంటే పొడవులో మధ్యన, ఎత్తులో కిందన ఉన్న గదే అన్నిటికంటే నిలకడగా ఉంటుంది.

చిత్రమేమిటంటే ధరల పట్టిక దీనికి తలకిందులుగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ రేటు పెరుగుతుంది, దాంతోపాటే ఊపూ పెరుగుతుంది. కొత్త ఓడలకు నీళ్లలో రెండుపక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి కానీ ముందూవెనకా లేవడాన్ని అంతగా ఆపలేవు. బంగాళాఖాతం జనవరి నుంచి మార్చి దాకా కాస్త శాంతంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల అలలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ తుపానుల కాలం. మన తూర్పు తీరానికి విహారనౌక వచ్చిన 2022లోనూ అది వానాకాలమే. కాబట్టి వాంతుల భయం ఉన్నవాళ్లకు మధ్యలోని కింది గది సరదా కాదు, అవసరం.

పటం చదివితే సగం పని అయినట్టే!

కింది గదులన్నీ ప్రశాంతంగా ఉంటాయనుకుంటే అదీ పొరపాటే. ఒకే అంతస్తులో ఒక గది గుడిలా ఉంటే, ఇంకోటి మిల్లులా ఉండొచ్చు. తేడా తెలియాలంటే 'డెక్ ప్లాన్' చూడాలి. అంతస్తులవారీగా గదుల నంబర్లన్నీ ఉండే పటం ఇది. కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. టికెట్లు అమ్మే ఏజెంటును అడిగినా ఇస్తాడు. దాన్ని ముందేసుకుని ఓ అరగంట కూర్చుంటే చాలు.

ముందు కొస: ఇక్కడ లంగరు గొలుసు ఉంటుంది. రేవులో ఓడను పక్కకు నెట్టే చిన్న ప్రొపెల్లర్లు కూడా ఈ భాగంలోనే నీళ్లకింద ఉంటాయి. ఓడ సాధారణంగా తెల్లవారుజామునే రేవు చేరుతుంది. అంటే నిద్ర మంచి పాకంలో ఉండగా గరగరమని చప్పుడు!

వెనక కొస: ఇంజన్లూ, ఓడను నడిపే పెద్ద ప్రొపెల్లర్లూ ఇటువైపు. చప్పుడుకంటే అదురు ఎక్కువ. బల్లమీది గ్లాసు సన్నగా మోగుతూ ఉంటుంది.

లిఫ్టులు, మెట్లు: అర్ధరాత్రి షో చూసొచ్చే జనం కబుర్లన్నీ ఇక్కడే. అలాగని మరీ దూరమైతే మోకాళ్ల నొప్పులవాళ్లకు కష్టం. లిఫ్టు నుంచి ఏడెనిమిది గదుల అవతల చూసుకుంటే రెండూ కలిసొస్తాయి.

పైనా కిందా: గది పైన థియేటరో డాన్సు హాలో వంటశాలో ఉంటే నిద్రకు నీళ్లొదులుకోవాల్సిందే. పైనా గదులే, కిందా గదులే ఉన్న అంతస్తు దొరికితే వదలొద్దు. కింది అంతస్తులకున్న పెద్ద లాభం ఇదే. ఈత కొలను పక్కన కుర్చీలు ఈడ్చే చప్పుడు పైవాళ్లకే తప్ప ఇక్కడికి రాదు.

పటంలో ఖాళీలు: ఏ పేరూ రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు సిబ్బందివి. సామాన్ల గదులు, బట్టలుతికే చోట్లు, సిబ్బంది తలుపులు అక్కడే ఉండొచ్చు. వాటిని ఆనుకున్న గది వద్దు.

మధ్య తలుపు: పక్క గదికి లోపలి నుంచే తలుపున్న గదులుంటాయి. పెద్ద కుటుంబం రెండు గదులు తీసుకుంటే ఇవి బంగారం. పక్కన తెలియనివాళ్లుంటే మాత్రం వాళ్ల టీవీ, వాళ్ల గురక మనకూ వినిపిస్తాయి.

కిటికీ లేకపోతే ఏం?

ఓడలో గదులు ముఖ్యంగా నాలుగు రకాలు. కిటికీ లేనివి, కిటికీ ఉన్నవి, బాల్కనీ ఉన్నవి, సూట్లు. కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చవక. దీపం ఆర్పితే పట్టపగలైనా చిమ్మచీకటే. మధ్యాహ్నం కునుకు తీసే అలవాటున్న పెద్దవాళ్లకు అదో వరం. రాత్రి లేచేవాళ్లకు మాత్రం ఇబ్బంది. పైగా స్నానాల గది తలుపు దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. అందుకే బ్యాటరీతో వెలిగే చిన్న బెడ్‌లైటు తప్పక తీసుకెళ్లాలి. చీకటి అంటే భయపడే చిన్నపిల్లలున్నా, తలుపులు మూస్తే ఊపిరాడదనిపించేవాళ్లున్నా ఇంకాస్త డబ్బు పెట్టి గుండ్రటి కిటికీ గది తీసుకోవడమే నయం. ఆ కిటికీ తెరుచుకోదు కానీ పొద్దు పొడిచిందీ లేనిదీ చెబుతుంది.

వాంతుల విషయంలో ఒక మెలిక ఉంది. కింది గదిలో ఊపు తక్కువే కానీ బయటి దృశ్యం కనిపించదు. కడుపులో తిప్పినట్టనిపిస్తే గదిలో ముడుచుకు పడుకోకుండా పై డెక్కు మధ్యకు వెళ్లి, నీళ్లూ ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడాలి. కన్ను చూసేదీ ఒళ్లు తెలుసుకునేదీ ఒకటైతే తిప్పడం తగ్గుతుంది. మాత్రలు డాక్టరును అడిగే వేసుకోవాలి... బీపీ, షుగరు ఉన్నవాళ్లు మరీనూ!

లెక్క ఇలా చూడాలి!

ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరున్నప్పుడు. దానిపైన రేవు రుసుములు, సిబ్బందికిచ్చే సర్వీసు సొమ్ము, జీఎస్టీ కలుస్తాయి. 'అన్నీ కలిపి ఎంత?' అన్న ఒక్క ప్రశ్న అడిగాకే అడ్వాన్సు కట్టాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాల్సి రావచ్చు. మూడో మనిషికీ నాలుగో మనిషికీ తగ్గింపు ఉంటుంది. వాళ్లకిచ్చేవి గోడకు మడిచిపెట్టిన పైబెర్తులు. రైల్లో పైబెర్తు ఎక్కలేని అమ్మమ్మకు ఓడలోనూ కుదరదు కదా! కాబట్టి తాతలూ నాయనమ్మలూ ఉన్న కుటుంబానికి నలుగురికీ ఒక బాల్కనీ గదికంటే, ఎదురెదురుగా రెండు లోపలి గదులు హాయి. రెండింటి ధరలూ అడిగి పోల్చుకోవాలి.

'గ్యారంటీ క్యాబిన్' అనే మాటతో జాగ్రత్త. గది రకం ఖాయం చేసి, నంబరు మాత్రం కంపెనీ తన ఇష్టప్రకారం ఇస్తుంది. చవకే. కానీ లంగరు పక్కన వచ్చినా కిమ్మనకూడదు. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువైనా నంబరు ఎంచుకునే టికెట్టే కొనాలి. ఏడాదంతా కూడబెట్టిన సొమ్ముతో వెళ్లేది మూడు రాత్రులకే. అందులో ఒక రాత్రి జాగారమైనా మూడోవంతు పోయినట్టే!

హంగులేవీ అక్కర్లేదు, సముద్రం చూస్తే చాలనుకునేవాళ్లకు విశాఖ నుంచీ చెన్నై నుంచీ అండమాన్ వెళ్లే ప్రయాణికుల ఓడలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో ఒకటైన 'స్వరాజ్ ద్వీప్' విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైందే. ఇది విహారం కాదు, రవాణా. రెండున్నర రోజులు పడుతుంది. అడుగున వరసగా మంచాలుండే బంక్ క్లాసు అతి చవక. పెద్దవాళ్లతో వెళితే మాత్రం క్యాబిన్ తీసుకోవాలి.

కింది డెక్కులో మనవాళ్లు

'కింద అంటే భయంలేదా? నీళ్లొస్తే?' ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అనకమానరు. టైటానిక్ సినిమా చూసినవాళ్లకు ఆ అనుమానం సహజమే. 1912లో ఆ ఓడ మునిగాక, 1914లో సముద్ర ప్రయాణ భద్రతపై 'సోలాస్' ఒప్పందం పుట్టింది. గది ఏదైనా, టికెట్టు ఎంతైనా ప్రతి ప్రయాణికుడికీ లైఫ్‌జాకెట్టు, ప్రాణరక్షక పడవలో చోటు ఉండాల్సిందే. 2012లో ఇటలీ తీరంలో 'కోస్తా కాంకార్డియా' ప్రమాదం తర్వాత, ఎక్కడ గుమిగూడాలో చూపించే డ్రిల్లును ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే చేయించాలన్న నిబంధన వచ్చింది. దాన్ని తప్పించుకుని బఫే దగ్గరికి పరుగెత్తకూడదు. కింది గదివాళ్లు ఒక పని అదనంగా చేయాలి. లిఫ్టు లేకుండా పైకి వెళ్లే మెట్లు ఎటున్నాయో మొదటిరోజే నడిచి చూసుకోవాలి. ఆ మెట్లు ఎక్కలేని పెద్దలుంటే, ఆ సంగతి టికెట్టు కొనేటప్పుడే చెప్పి మధ్య అంతస్తులో లిఫ్టుకు చేరువైన గది అడగాలి. వాళ్ల విషయంలో చవక చూడొద్దు.

ఓడ అడుగు అంతస్తు తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1860లో మద్రాసు నుంచి 342 మందితో బయల్దేరిన 'ట్రూరో' ఓడ నవంబరు 16న దర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన ఆ జనంలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి రంగూన్ వెళ్లిన కూలీలైతే లెక్కకు అందరు. అక్కడివాళ్లు మనవాళ్లను పిలిచిన పేరే 'కోరంగీలు'. వాళ్లకు గదులు లేవు, నంబర్లు లేవు. డెక్కుమీదో దానికింద ఇరుకు చోటులోనో మూటలమధ్య ఒదిగి కూర్చోవడమే. ఎంచుకునే వీలు వాళ్లకెక్కడిది?

ఇప్పుడు ఆ వీలుంది. తెల్లటి దుప్పటి, వేడినీళ్లు, తాళంచెవి ఉన్న గదిని డబ్బుకు తగ్గట్టు, నిద్రకు తగ్గట్టు ఎంచుకోవచ్చు. బాల్కనీ లేదని చిన్నబుచ్చుకోవాల్సిన పనేలేదు. పై డెక్కుమీద సూర్యోదయం చూడటానికి సూటువాళ్లకూ, కిటికీలేని గదివాళ్లకూ ఒకటే చోటు... టికెట్టు అక్కర్లేదు, పొద్దున్నే లేస్తే చాలు!