పేరు చెరిగిన ప్రాసెసర్లు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక మిత్రులు అడిగారు. కవితలూ, మెస్ మీద జోకులూ ఇప్పటికే చాలా వచ్చాయట. అందుకని మా గదిలో మంచం కింద ఉన్న రేకుపెట్టె గురించి రాస్తున్నాం. ఆ పెట్టెలో ఏముందోనని జూనియర్ తమ్ముళ్ళు రకరకాలుగా చెప్పుకుంటున్నారని విన్నాం. వార్డెన్ సారు కూడా ఒకసారి తెరిపించి చూసి, నవ్వి వెళ్ళిపోయారు. అందులో ఉన్నవి పాత సర్వర్ల ప్రాసెసర్లు. మొత్తం 43. సగానికి పైగా వాటి మీద పేరు లేదు.

స్కాలర్‌షిప్ రెన్యువల్ కోసం నెట్ సెంటర్‌లో గంటసేపు నిలబడ్డాక "సర్వర్ డౌన్, రేపు రండి" అనే మాట వినని వాళ్ళు మన హాస్టల్‌లో ఎవరూ ఉండరు. ఆ సర్వర్ అనేది ఎక్కడో రాత్రింబవళ్ళు పనిచేసే కంప్యూటర్. దాని మెదడు లాంటిది ప్రాసెసర్. పాతబడ్డాక తీసి పారేస్తారు. అలా పారేసినవి చేతులు మారి మారి తుక్కు దుకాణాలకు చేరతాయి. నాణేలూ స్టాంపులూ సేకరించినట్టే వీటిని సేకరించేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. మా గదిలో ముగ్గురం ఉన్నాం.

మేము వెళ్ళే దుకాణం సేఠ్‌కు చిప్పు అంటే తూకం, బంగారం. పాత పింగాణీ చిప్పుల పిన్నులకూ లోపలి తీగలకూ బంగారం ఉంటుంది. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు, గీటురాయి మీద నగ రుద్దే కంసాలిలా, ప్రతి చిప్పునూ గరుకు కాగితంతో రుద్ది చూస్తాడు. దాంతో ఉన్న అక్షరాలు కాస్తా పోతాయి. తర్వాత అవి బంగారం తీసేవాళ్ళ దగ్గరికి వెళతాయి. ఇంటర్ కెమిస్ట్రీలో ద్రవరాజం అని చదివాం కదా, ఆ ఆమ్లాల పొగ మధ్యనే చేతికి తొడుగు కూడా లేకుండా వాళ్ళ పని. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఇ-వ్యర్థాల నిబంధనలు ఈ పనిని రిజిస్టరైన సంస్థలే చేయాలంటున్నాయి. ఆ నిబంధనలు సేఠ్ దుకాణం దాకా ఇంకా నడిచి రాలేదు.

పేరు లేని చిప్పు చేతికి వస్తే మొదట చేసే పని పిన్నులు లెక్కపెట్టడం. ఇంటెల్ వారి తొలి జియాన్లలో 2001లో వచ్చిన రకానికి 603 పిన్నులు, తర్వాతి రకానికి 604. ఆ ఒక్క పిన్ను కోసం గుండుసూదితో వరసలు లెక్కేస్తూ కూర్చున్న రాత్రులున్నాయి. అయితే లెక్క ఒక్కటే చాలదు. ఎ.ఎం.డి. వారు 2003 ఏప్రిల్ 22న విడుదల చేసిన ఆప్టెరాన్‌కు 940 పిన్నులు. 2006లో ఇళ్ళలో వాడే కంప్యూటర్ల కోసం వచ్చిన ఎ.ఎం.2 రకానికీ 940 పిన్నులే. మొదటిదాని అడుగు పింగాణీ, రెండోదాని అడుగు ప్లాస్టిక్‌లా ఉండే సర్క్యూట్ బోర్డు. గోటితో తట్టితే చప్పుడులోనే తేడా తెలుస్తుంది. కానీ అది ఆప్టెరాన్‌లో ఏ రకమో తట్టితే తెలియదు. నంబరులో మొదటి అంకె 1 అయితే ఒంటరిగా, 2 అయితే జంటగా, 8 అయితే ఎనిమిది దాకా కలిసి పనిచేస్తుంది. ఆ అంకె రాసి ఉండేది మూత మీదే.

కిందటేడాది దసరా సెలవుల ముందు సేఠ్ దగ్గర ఒకే సంచిలో తొమ్మిది పెంటియం ప్రోలు కనిపించాయి. వాటిని గుర్తుపట్టడం సులువు. అరచేతిలో పట్టేంత పింగాణీ పలక, చదరం కాదు, నిలువు ఎక్కువ. 387 పిన్నులు. ఒకవైపు పిన్నులు మామూలు గళ్ళలా, మరోవైపు ఒకదాని సందులో ఒకటి దూరినట్టు ఒత్తుగా ఉంటాయి. ఇంటెల్ దీన్ని 1995 నవంబరులో తెచ్చింది. అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో వేల కొద్దీ 200 మెగాహెర్ట్జ్ పెంటియం ప్రోలతో కట్టిన ఆస్కీ రెడ్ అనే యంత్రం, 1997 జూన్ నాటికి ప్రపంచంలో అన్నిటికన్నా వేగమైన కంప్యూటర్. ఆ సంచిలో తొమ్మిదింటి మీదా ఒక్క అక్షరం లేదు.

"పేరు లేని మాల్ తూకానికే పోతది బేటా. సోమవారం బండి వస్తది, ఉంచాల్నా పంపాల్నా చెప్పున్రి" అన్నాడు సేఠ్. మేము చందా వేసుకుని ఒక్కోటీ 250 చొప్పున కొన్నాం.

ఇవి ఏ వేగంవి? పింగాణీవి 150, 166, 180, 200 మెగాహెర్ట్జ్‌లలో వచ్చాయి. లోపలి కాష్ మెమరీ 256 కిలోబైట్లు కావచ్చు, 512 కావచ్చు. బోర్డులో పెట్టి నడిపితే కాష్ ఎంతో చిప్పే చెబుతుంది. సీపీయూఐడీ అనే ఆదేశం ఇస్తే 42 అని వస్తే 256, 43 అని వస్తే 512. కానీ అంత పాత బోర్డు మాకెక్కడ దొరుకుతుంది? పైగా అది ఉన్నా వేగం తెలియదు. ఈ కాలపు చిప్పులు తమ పేరు తామే చెబుతాయి, పెంటియం ప్రోకు ఆ అలవాటు లేదు.

దారి ఇంటెల్ డేటాషీట్‌లోనే దొరికింది. తనకు ఎన్ని వోల్టులు కావాలో బోర్డుకు చెప్పడానికి ఈ చిప్పుకు నాలుగు పిన్నులున్నాయి. ఒక్కో పిన్ను లోపల గ్రౌండుకైనా కలిసి ఉంటుంది, దేనికీ కలవకుండా ఖాళీగానైనా ఉంటుంది. కరెంటు ఇవ్వక్కర్లేదు. ల్యాబ్ నుంచి మల్టీమీటర్ అడిగి తెచ్చుకుని, ఒక మొన గ్రౌండు పిన్నుకూ, రెండోది ఈ నాలుగింటికీ ఆనించాం. కలిసి ఉంటే కీచుమంటుంది. మూడు కూసి ఒకటి మౌనంగా ఉంటే, ఆ మౌనంగా ఉన్నది ఏదన్నదే జవాబు. సున్నా నుంచి లెక్కిస్తే 1వది అయితే 3.3 వోల్టులు, 2వది అయితే 3.1. డేటాషీట్ ప్రకారం 3.1 తీసుకునేది 150 మెగాహెర్ట్జ్ ఒక్కటే. అది 256 కాష్‌తోనే వచ్చింది.

రెండు చిప్పుల్లో 2వ పిన్ను మౌనంగా ఉంది! రాత్రి పదకొండున్నరకు మేము వేసిన కేకకు పక్కగది వాళ్ళు క్రికెట్ మ్యాచ్ గెలిచామనుకున్నారు. ఆరు చిప్పులు 3.3 చూపాయి. అవి 166, 180, 200లలో ఏదైనా కావచ్చు. మిగిలినదానికి ఆ మూలలో పిన్నే విరిగిపోయింది.

మా సీనియర్ ద్వారా ఇలాంటివి కొని విదేశాలకు అమ్మే ఒకాయన ఫోన్‌లో దొరికాడు. ఫోటోలు చూసి, "ఆ ఆరూ 200 అని రాసివ్వండి, ఒక్కోటి 1,500 ఇస్తా. అక్షరాలు మేం కొట్టించుకుంటాం. తెలియదు అంటే 300" అన్నాడు. అంటే 9,000 రూపాయలు. మాలో ఒకడికి ఆ వారమే పరీక్ష ఫీజు 1,850 కట్టాలి, స్కాలర్‌షిప్ పడలేదు.

ఆ రాత్రి వాదన పెద్దదే అయింది. ఫీజు కట్టాల్సినవాడే గట్టిగా అన్నాడు: "అన్నా, నిజంగా 200 అయినా కావచ్చు కదా. అబద్ధమని ఎవడు రుజువు చేస్తాడు?" మాటకు మాట చెప్పలేకపోయాం. 1990లలో దొంగ వ్యాపారులు తక్కువ వేగం చిప్పుల మీద అక్షరాలు చెరిపి ఎక్కువ వేగం ముద్రించి అమ్మిన కథలు చదివే మేము ఈ పనిలోకి వచ్చాం. ఇప్పుడు ఆ ముద్ర మా చేతి నుంచే మొదలవుతుందన్నమాట. ఆ ఆరింటిలో ఏ ఒక్కటి ఇంకొకరి పెట్టెలోకి "200" అని వెళ్ళినా, తర్వాత ఎన్ని చేతులు మారినా దాని అసలు సంగతి ఎవరికీ తెలియదు. చివరకు వాడే లేచి కార్డులు కోశాడు. ఆరింటి మీదా ఒకే మాట రాశాడు: "3.3 వోల్టులు. వేగం తెలియదు." బేరం కుదరలేదు. ఫీజు గదులవారీగా చందాలతో కట్టాం. స్కాలర్‌షిప్ పడ్డాక వాడు లెక్క చూసి అందరికీ తిరిగి ఇచ్చేశాడు. అయినా మెస్‌లో గుడ్డు లేని రోజు మా వైపు చూసి, "తొమ్మిది వేలన్నా, తొమ్మిది వేలు" అంటూనే ఉంటాడు.

కొన్ని చిప్పులకు పుట్టుకతోనే పేరు ఉండదు. కంపెనీలు అమ్మకానికి ముందు పరీక్షల కోసం ఇచ్చే నమూనాలు అవి. మా దగ్గర ఒక జియాన్ ఉంది. మూత నున్నగా ఉంది, రుద్దిన జాడ కూడా లేదు. డిపార్ట్‌మెంట్‌లోని పాత బోర్డులో పెట్టి నడిపితే, పేరు రావాల్సిన చోట "జెన్యూన్ ఇంటెల్ సీపీయూ" అని చెప్పి పక్కన నాలుగు సున్నాలు చూపింది. ఇలాంటివి తమ ఆస్తేననీ, అమ్మకూడదనీ ఇంటెల్ చెబుతుంది. కాబట్టి అది పెట్టెలోనే ఉంటుంది. విరిగిన పిన్ను పెంటియం ప్రో కూడా. సన్నని తీగ అతికే మంచి సోల్డరింగ్ ఐరన్ ఎవరి దగ్గరైనా ఉంటే, రాత్రి భోజనాల తర్వాత 14వ నంబరు గదికి తీసుకురండి.