రాళ్ల దగ్గర అడిగే మాట

మా సవర ఊళ్లలో మనిషి పోతే కొన్నాళ్లకు ఆ మనిషి పేరున ఒక రాయి పాతుతారు. దాన్ని గువార్ అంటాం. దున్నపోతు కావాలి, బియ్యం కావాలి, చుట్టాలందరికీ భోజనం పెట్టాలి. ఆ ఖర్చుతో అప్పుల్లో పడిన ఇళ్లు మాకు తెలుసు. పోయినవారు కుడాన్ నోట మాట్లాడేవారు. ఆకలిగా ఉందనేవారు, నన్నెందుకు మరిచారనేవారు, ఏ జబ్బుతో పోయారో అదే జబ్బు బతికున్నవారికి తెస్తామని బెదిరించేవారు. ఇంటివాళ్లు ఏడ్చేవారు, వాదించేవారు, బతిమాలేవారు. అందులో భయం ఉంది, నిజమే. ప్రేమ కూడా ఉంది. మా గురించి మాట్లాడే బయటివాళ్లు చాలామంది ఈ రెండోదాన్ని వదిలేస్తారు.

సువార్త విన్న ఇళ్లకు మొదట దొరికిన సమాధానం ఆ భయం పోవడమే. చనిపోయినవారు ప్రభువు దగ్గర ఉన్నారు, వారికి ఆకలి లేదు, వారు మన మీద పగబట్టరు అన్న మాట మా పెద్దవాళ్లకు ఎంత తేలికనిచ్చిందో, రాత్రి నిద్రపట్టని తల్లులను చూసినవారికే తెలుస్తుంది. దీన్ని చిన్నది చేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

కాని భయంతో పాటు ఇంకొకటి కూడా పోయింది. మా పద్ధతిలో పుట్టిన బిడ్డకు పోయిన పెద్దల్లో ఒకరి పేరు పెట్టేవారు. ఇప్పుడు మా బడి హాజరు పట్టీ తీస్తే యోహాను, సమూయేలు, మరియమ్మ, రూతు. మంచి పేర్లే. ఇంటిపేరు మాత్రం అందరికీ సవర. అంటే పట్టీ మొత్తం చదివినా ఏ బిడ్డ ఏ ఇంటిదో తెలియదు. తాత పేరు చెప్పగల పిల్లలు ఉన్నారు, తాత తండ్రి పేరు అడిగితే తలలు వంచుకుంటారు. ఒకే బిరిందాలో అన్న గువార్ చేస్తాడు, తమ్ముడు సంఘంలో జ్ఞాపకార్థ కూడిక పెడతాడు. ఒకరి భోజనానికి ఒకరు వెళ్లరు. చనిపోయింది మాత్రం ఇద్దరికీ తల్లే.

సమాధానం అంటే ఇదేనా అని మేము చాలాకాలం అడుగుతూ వచ్చాం. జవాబు బైబిల్లోనే దొరికింది, అదీ రాళ్ల దగ్గరే. యొర్దాను దాటాక యెహోషువ నది నడుమనుంచి గోత్రానికొకటి చొప్పున 12 రాళ్లు తీయించి గిల్గాలులో నిలబెట్టించాడు. వాటికి దున్నను కోయడానికి కాదు, వాటిని మొక్కడానికీ కాదు. ముందుముందు పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు పెద్దలు చెప్పాలి. అందుకే. లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా ఏడ్చాడు. కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. ఏడవటం అవిశ్వాసమని మాకు చెప్పిన బోధకులు ఆ అధ్యాయం ఎలా చదివారో మరి.

పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి. ఈ రెండింటి నడుమ నిలబడేవాడే పంతులు. శిక్షణ కాలేజీలో పాఠ్యప్రణాళిక రాయడం నేర్పారు, బోధనోపకరణాలు చేయడం నేర్పారు. పిలుపు అనేది అక్కడ దొరకలేదు, ఈ రాళ్ల దగ్గర దొరికింది. గిడుగు రామమూర్తి గారూ పర్లాకిమిడిలో బడిపంతులే. మా భాష విని, నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చువేయించారు. ఆయన క్రైస్తవులు కారు. అయినా పిలుపు విన్నవారి పని అలాగే ఉంటుంది. మా తాతలు మాట్లాడిన మాటలు కొన్ని ఈనాడు ఆ పుస్తకాల్లోనే దొరుకుతాయి.

ఇప్పుడు మా బడిలో కందికొత్తల పండుగకు సెలవిచ్చేముందు పిల్లలకు ఒక పని చెబుతున్నాం. ఇంట్లో ముసలివాళ్లను అడిగి, పోయినవారి పేర్లు, వాళ్లు ఏ కొండ మీద పోడు కొట్టారో, ఏం పాడేవారో నోటుబుక్కులో రాసుకురావాలి. సంఘం ఇళ్ల పిల్లలూ రాస్తారు, గువార్ చేసే ఇళ్ల పిల్లలూ రాస్తారు. రాసిన పేర్లు చదువుతుంటే, వేరువేరు ఇళ్లనుంచి వచ్చిన రెండు పుస్తకాల్లో ఒకే ముత్తవ్వ పేరు కనిపిస్తుంది. ఆ ఇద్దరు పిల్లలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సాయంత్రం ఇంటికి వెళ్లి ఏం అడుగుతారో, అన్నదమ్ములు ఏం చెబుతారో.