అండమానులో మా క్రిస్మసు సెలవులు

క్రిస్మసు కార్డులను చూచెడు మన బాలబాలికలు ఆ పండుగ మంచు కురియు దేశములకే తగినదని తలంచుచుందురు. మంచును ఎన్నడును ఎరుగని జనులు కొబ్బరిచెట్ల నీడను, సముద్రపు హోరులో, దానిని ఎంత సంబరముగ జరుపుకొందురో చూచు భాగ్యము గత క్రిస్మసు సెలవులలో మా కుటుంబమునకు కలిగెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాతో చదివిన మిత్రుడొకడు అండమాను దీవులలో బడిపంతులుగా స్థిరపడి, ఒక్కమారు వచ్చి పొమ్మని పలుమారు కోరుచుండెను. మేము దంపతులము, మా ఇద్దరు పిల్లలు, మా తల్లిగారు, వెరసి అయిదుగురము బయలుదేరితిమి.

మా తల్లిగారు దివిసీమ ఆడపడుచు. ఐనను సముద్రమనిన ఆమెకు సరిపడదు. బందరు తీరమునకు మేము వెళ్లినప్పుడెల్ల ఆమె ఇసుక మొదటనే ఆగి కూర్చుండెడివారు. కారణమడిగిన యెడల “నాకు ఎండ పడదు” అని మాత్రము చెప్పెడివారు. మనుమలను విడిచి పండుగనాడు ఒంటరిగ నుండలేకయే ఈ ప్రయాణమునకు ఒప్పుకొనిరి.

విశాఖపట్నమునుండి ఆ దీవుల ముఖ్యపట్టణమునకు సుమారు 1200 కిలోమీటర్ల దూరము కలదు. ఓడలో మూడు దినములు పోవలెను. మొదటి దినము పిల్లలకు తల తిరిగి, నిమ్మకాయ వాసన చూచుచు పండుకొనిరి. రెండవ దినము లేచి, నీటిపై రివ్వున ఎగిరెడు చేపలను లెక్కించుటలో అన్నము సంగతియే మరచిరి. మా తల్లిగారు మాత్రము గది విడిచి పైకి రాలేదు.

అండమాను నికోబారు దీవులలో చిన్న లంకలను, నీటినుండి పైకి కనబడు రాళ్లను సైతము చేర్చినచో 836 కలవని లెక్క. జనులు నివసించునవి నలువదికి లోపుగనే యున్నవి. వానిలో ముఖ్యపట్టణమైన పోర్టుబ్లెయరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. ఆ పట్టణపు వీధులలో తెలుగు మాట తరచుగ వినబడును. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి పోయి స్థిరపడినవారు అచ్చట అనేకులు కలరు. మా మిత్రుని ఇంటి ప్రక్కవారు మాకు గోంగూర పచ్చడి పంపినప్పుడు, సముద్రము దాటి వచ్చితిమను మాటయే మా పిల్లలు నమ్మలేదు.

ఇంకొక వింత వారిని ఆశ్చర్యపరచెను. సాయంకాలము అయిదు గంటలు దాటగనే అచ్చట సూర్యుడస్తమించును. మన దేశపు గడియారములన్నియు కాకినాడ చెంతగా పోవు 82½ డిగ్రీల రేఖను అనుసరించి నడచును. ఆ దీవులో, దానికి పది డిగ్రీలు తూర్పున నున్నవి. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున లెక్కించుకొనుడని మేము చెప్పగా, మా కుమార్తె ఓడరేవు గోడమీదనే సుద్దముక్కతో లెక్క వేసి, నలువది నిమిషములని చెప్పెను. పుస్తకములోని రేఖ ఆనాడు ఆమె కంటికి నిజముగ కనబడెను.

పండుగకు ముందు దినమున మేము రాస్ దీవిని చూచితిమి. దీనికి 2018లో నేతాజీ సుభాస్ చంద్రబోస్ పేరు పెట్టిరి. 1858 మొదలు ఆంగ్లేయ అధికారులు కాపురముండి పరిపాలించిన స్థలమది. 1941వ సంవత్సరమున భూకంపము కలిగి వారి భవనములు బీటలువారెను. మరుసటి యేట జపానువారు ఆ దీవులను ఆక్రమించుకొనిరి. నేడు దేవాలయపు మొండిగోడలను మఱ్ఱిజాతి చెట్ల వేళ్లు కౌగిలించుకొని యున్నవి. అధికారులు నడచిన బాటలలో జింకలు, నెమళ్లు తిరుగుచున్నవి. ఈ దీవుల నేల కదలెడు నేలయని ఆ గోడలు మాకు ముందే చెప్పినవి.

క్రిస్మసు ఉదయమున ఆరాధనకు పోయితిమి. అబ్బా! ఎన్ని జాతులు, ఎన్ని భాషలు! ఛోటానాగపురమునుండి అడవి పనులకు రప్పింపబడిన రాంచీ జనుల సంతతివారు, 1925లో బర్మానుండి వచ్చిన కరెనుల సంతతివారు, తమిళులు, తెలుగువారు, నికోబారువారు ఒక్క కప్పు క్రింద కూడిరి. నికోబారు యువతీయువకులు నాలుగు స్వరములలో పాడిన పాటకు అర్థము మాకు తెలియలేదు. రాగము మాత్రము మనము పాడుకొనునదే. నికోబారు దీవులకు అనుమతి లేనిదే బయటివారు పోరాదు గనుక మేము పోలేదు. ఆ జాతివారిలో జాన్ రిచర్డ్సను అను మహనీయుడు బడిపంతులుగా పనిచేసి, పిమ్మట బిషపై, 1952లో మొదటి లోకసభకు నియమింపబడెనని మా మిత్రుడు చెప్పగా, మా బోటి బడిపంతులకు ఎంతయో సంతోషము కలిగెను.

మధ్యాహ్నము విందు, సాయంకాలము దీపములు, పిల్లల కేరింతలు. మరునాడు స్నానమునకు సముద్రతీరమునకు పోదమని పిల్లలు నిశ్చయించుకొనిరి. మా మిత్రుడు వారి తల నిమిరి, “రేపు వద్దు, ఎల్లుండి పోదము. రేపు ఇక్కడ పండుగ కాదు” అనెను.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేది ఆదివారము. ఆ ఉదయము ఆరున్నర గంటల వేళ సుమాత్రా దీవి చెంత సముద్రగర్భమున 9.1 ప్రమాణము గల భూకంపము పుట్టెను. భూమి పైపొర అచ్చటనుండి అండమానులవరకు 1200 కిలోమీటర్లకు పైగా చీలెను. గ్రేట్ నికోబారు కొననున్న ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా క్రుంగిపోయెను. ఉత్తర అండమానులో కొన్ని పగడపు దిబ్బలు నీటిపైకి లేచినవి. సునామి యను ఆ అలలు నికోబారులను నిమిషములలో చేరెను. మన కోస్తాకు రెండు గంటలకు పైగా పట్టెను. హిందూ మహాసముద్రపు చుట్టునున్న దేశములలో రెండు లక్షల ఇరువది వేలమందికి పైగా మరణించిరి.

ఆ రాత్రి మా మిత్రుని ఇంటికి నికోబారు యువకుడొకడు భోజనమునకు వచ్చెను. అతడును ఉపాధ్యాయుడే. ఆనాడు అతనికి పదేండ్లు. అతడు హిందీలో చెప్పగా మా మిత్రుడు తెలుగున వినిపించెను.

“క్రిస్మసుకు కుట్టించిన క్రొత్త చొక్కాను విప్పనని మారాము చేసి దానితోనే నిద్రించితిని. తెల్లవారగనే భూమి కదలెను. నిలువబోయినవారెల్ల పడిరి. అది ఆగిన పిమ్మట పెద్దలు బయటకు వచ్చి, ఎవరి ఇల్లు వారు చూచుకొనుచుండిరి. సముద్రమువైపు ఎవరును చూడలేదు. మా అమ్మ నా చేయి పట్టుకొని తోటలోనికి పరుగెత్తెను. తిరిగి చూచునప్పటికి గ్రామము లేదు. మా నాయన లేడు. మాకు మిగిలిన ఆస్తి నా ఒంటిమీది చొక్కా యొక్కటే. ఆ గుర్తులు మాకు ముందుగ ఎవరైన చెప్పియుండిన బాగుండెడిది. అందుచేత ఏటేట తరగతిలో మొదటి పాఠముగ నేను దానినే చెప్పుచున్నాను.”

ఎవరును మాటలాడలేదు. అంతలో మూలనున్న మా తల్లిగారు మెల్లగా, “మాకును అది ఆదివారపు ఉదయమే, నాయనా” అనిరి.

1977 నవంబరు 19వ తేది శనివారము దివిసీమను ముంచిన ఉప్పెననుగూర్చి మేము పుస్తకములలో చదివితిమి, పాఠముగ చెప్పితిమి. మా తల్లిగారి నోట ఏనాడును వినలేదు. ఆనాడు ఆమె పదునాలుగేండ్ల బాలిక. గాలి ఇంటి కప్పును ఎత్తుకొనిపోగా, తండ్రి ఆమెను చింతచెట్టు పైకొమ్మకు తన పంచెతో కట్టి, “తమ్ముని తెచ్చెదను, కండ్లు మూసికొని యుండుము” అని చెప్పి దిగెనట. తెల్లవారి వెలుగులో ఆమె కండ్లు తెరచునప్పటికి చుట్టును నీరే. తండ్రియు తమ్ముడును మరల కనబడలేదు. ఇంతవరకు చెప్పి ఆమె ఊరకుండిరి. మా కుమార్తె పోయి నాయనమ్మ ఒడిలో తల పెట్టుకొనెను. ఆ యువకుడు తన కుర్చీ విడిచి, ఆమె కాళ్లయొద్ద నేలమీద కూర్చుండెను. వారిద్దరి మాట ఒకరిది ఒకరికి తెలియదు. దుభాషి అవసరమును లేకపోయెను.

“ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు, అమ్మా?” అని మేమడిగితిమి. “చెప్పిన పిల్లలు భయపడుదురనుకొంటిని” అనిరి.

తల్లిదండ్రులారా, ఈ మాటనుగూర్చియే ఈ నాలుగు పంక్తులు వ్రాయబూనితిమి. చెప్పిన పిల్లలు భయపడుదురా, బ్రదుకుదురా? సుమాత్రాకు పడమర సిమెలూయె అను దీవి కలదు. అది 2004 భూకంప స్థానమునకు మిక్కిలి సమీపము. ఆ దీవిని 1907లో ఒక సునామి ముంచెను. నాటినుండి అవ్వలు మనుమలకు కథలలోను, జోలపాటలలోను దానిని చెప్పుచు వచ్చిరి. మనము ఉప్పెన యనునట్లు వారు దానిని స్మాంగ్ అందురు. భూమి కదలి, సముద్రము వెనుకకు పోయిన యెడల కొండకు పరుగెత్తుడని ఆ కథల సారము. 2004లో వారట్లే చేసిరి. సుమారు 78,000 మంది జనులలో చనిపోయినవారు ఏడుగురే.

అదే ఉదయమున థాయిలాండులోని ఫుకెట్ దీవికి క్రిస్మసు సెలవులకు వచ్చిన ఆంగ్ల కుటుంబమొకటి మైఖావో తీరమున నడచుచుండెను. వారి కుమార్తె టిల్లీ స్మిత్ పదేండ్ల బాలిక. రెండు వారములకు ముందు భూగోళపు తరగతిలో ఆండ్రూ కెర్నీ అను ఉపాధ్యాయుడు సునామి పాఠము చెప్పియుండెను. సముద్రము నురుగులు క్రక్కుచు వింతగా పొంగుటను చూచి ఆ బాలిక పాఠమును జ్ఞప్తికి తెచ్చుకొని, తల్లిదండ్రులు నమ్మువరకు గోలచేసెను. తీరము ఖాళీయయ్యెను. సుమారు నూరుగురు బ్రదికిరి. ఒకచోట అవ్వ జోలపాట, ఒకచోట పంతులు పాఠము. రెండును ఒక్క పనియే చేసినవి.

మూడవనాడు మా పిల్లలు సముద్రస్నానము చేసిరి. నీళ్లలో దిగకముందు ఎత్తైన చోటేదో, దానికి దారియేదో చూచుకొని మాకు చూపిరి. మా తల్లిగారు ఇసుక దాటి, చీలమండలు తడియువరకు వచ్చి నిలిచిరి.

విద్యార్థులారా, తుపాను ఉప్పెనకు దినములముందుగ హెచ్చరిక యుండును. సునామికి కొన్నిచోట్ల నిమిషములే యుండును. మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున 2007 మొదలు సునామి హెచ్చరిక కేంద్రము పనిచేయుచు, భూకంపము కలిగిన కొలది నిమిషములలోనే సమాచారము పంపుచున్నది. ఐనను భూకంపమునకు చేరువనున్న తీరమున మీ కాళ్ల క్రింది నేలయే మొదటి హెచ్చరిక. నేల చాలసేపు కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినను, హోరు పెరిగినను, చేపలకొరకును వింత చూచుటకును నిలువక ఎత్తైన చోటికి పొండు. మొదటి అల పోయినదని తిరిగి రాకుడు. వెనుక వచ్చునది అంతకంటె పెద్దదై యుండవచ్చును.

మీలో అనేకుల ఇండ్లలో 1977ను చూచిన అవ్వలు, తాతలు ఇంకను కలరు. వారు తమంతట తాము చెప్పరు. ఈ వేసవి సెలవులలో వారి చెంత కూర్చుండి, తొందరపెట్టక అడుగుడు. వారు చెప్పినది వారి మాటలతోనే వ్రాసికొని, బడి తెరచిన దినమున తెచ్చి మాకు చూపుడు. వానిని తరగతిలో చదివించెదము.