మేతకు వచ్చేవి, గూటికి వచ్చేవి

కార్తీకం దాటి చలి ముదిరేసరికి తెలుగునాట చెరువులూ మడుగులూ ఉప్పునీటి సరస్సులూ పక్షులతో నిండుతాయి. దుర్భిణులూ కెమెరాలూ పట్టుకొని వాటి కోసం తెల్లవారకముందే గట్లమీదికి చేరేవారూ ఏటేటా పెరుగుతున్నారు. ఇలా కనిపించే పక్షులన్నీ సైబీరియా నుంచి వచ్చినవేనన్న మాట ఊళ్లలోనూ పత్రికల్లోనూ బాగా స్థిరపడింది. నిజానికి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరుకు సమీపంలోని ఉప్పలపాడులోనూ, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులోనూ చెట్లనిండా కనిపించే గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితోపాటు ఉండే ఎర్రకాళ్ల కొంగలు ఈ నేల పక్షులే. వానలనూ చేపల లభ్యతనూ బట్టి అవి ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి కదులుతాయి. ఈ చెరువులకు అవి చేరేది గూళ్లు కట్టి పిల్లలను పెంచడానికి. పులికాట్ సరస్సులోని రాజహంసల విషయంలోనూ సైబీరియా మాట చెల్లదు. భారతదేశంలో వాటి ప్రధాన సంతానోత్పత్తి స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. హిమాలయాల ఆవలి నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, పట్టెతల బాతులు, బురదలో ముక్కు గుచ్చి పురుగులను ఏరుకొనే ఉల్లంకి పిట్టలు.

ఈ తేడా పండితులకు మాత్రమే పనికివచ్చేది కాదు. కెమెరా పట్టినవారు ఏ పక్షికి ఎంత దూరంలో ఆగాలో, ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలో దీన్నిబట్టే తేలుతుంది. వలస బాతులు వచ్చేది మేతకు. అక్టోబరులో దిగినప్పుడు మగ బాతులు కూడా ఆడవాటిలాగే గోధుమవన్నెలో ఉంటాయి. సంతానోత్పత్తి ముగిశాక పాత ఈకలు రాల్చి తాత్కాలికంగా ధరించే ఈ మందమైన వన్నెను ‘ఎక్లిప్స్’ దశ అంటారు. డిసెంబరు చివరికి కొత్త ఈకలు వచ్చి సూదితోక బాతు మెడమీది తెల్లని చార స్పష్టమవుతుంది కనుక, తొందరపడి వచ్చినవారి కంటే ఓపిక పట్టినవారికే మంచి చిత్రాలు దక్కుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పక్షులు తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో కూడబెట్టుకుంటాయి. పట్టెతల బాతు 7000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగురుతూ హిమాలయాలను దాటడం నమోదైంది. ఎగిరే దృశ్యం కోసం ఆ గుంపును చప్పట్లతో లేపినవారు ఆ కూడబెట్టిన శక్తినే ఖర్చు పెట్టిస్తున్నారు.

పక్షిని వెతికేవారు ముందుగా నీటిని చదవడం నేర్చుకోవాలి. తెలుగు ప్రాంతపు చెరువులు చాలావరకు సాగు కోసం తవ్వినవి. తూముల గుండా నీరు పొలాలకు పారేకొద్దీ అంచుల్లో బురద బయటపడుతుంది, ఆ బురదలో ఉల్లంకులు, జానెడు లోతులో చెంచామూతి బాతులు, మోకాలి లోతులో ఎర్రకాళ్ల కొంగలు, నడిమధ్య లోతు నీటిలో నీటికాకులు తమతమ చోట్లు పంచుకుంటాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాకెక్కింది. అటువంటి సరస్సులో నిటారు గట్లతో, లోతైన నీటితో చేపల చెరువులు వెలిస్తే పల్లపు అంచులు పోయి, పొట్టికాళ్ల పక్షులకు నిలిచే తావే ఉండదు. నీరు కనిపిస్తున్నంత మాత్రాన సరస్సు బతికి ఉన్నట్టు భావించడం పెద్ద పొరపాటు. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రహదారి నీటి మీదుగా సాగుతుంది కనుక, రాజహంసలు తల కిందులుగా ముంచి, ముక్కులోని జల్లెడవంటి అమరికతో సూక్ష్మజీవులను వడకట్టుకొనే తీరును దూరదర్శక కటకంతో దారి పక్కనుంచే చూడవచ్చు. ఉదయపు ఎండ వీపున పడేలా నిలిచి, తెల్లని ఈకల వివరాలు చెరిగిపోకుండా వెలుతురును కాస్త తగ్గించి, ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు వేగాన్ని ఎంచుకుంటే చాలు, నీటిలో దిగవలసిన అవసరమే రాదు.

గూటి పక్షుల దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఒంటిమీద ఈక ఉండదు. తల్లిదండ్రులు బెదిరి లేస్తే చలికాలమైనా మధ్యాహ్నపు ఎండ దాన్ని మాడ్చగలదు, గుడ్లకోసం కాచుకున్న కాకులకు అదే అదను. గూటికి దగ్గరగా పడవ నడపడం, డ్రోను ఎగరవేయడం, చిత్రానికి అడ్డమని కొమ్మలు విరవడం ఎంత అందమైన ఫొటో కోసమైనా సమర్థించదగినవి కావు. పక్షుల రాకను శుభంగా ఎంచి వాటి జోలికి పోని తేలినీలాపురం గ్రామస్థులు కెమెరా లేకుండానే ఆ మర్యాదను పాటిస్తున్నారు, వారి నుంచి పట్నపు సందర్శకులు నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఫొటో అందంగా ఉండటంతోపాటు ఆధారంగానూ పనికిరావాలంటే తేదీ, చోటు, గుంపులోని పక్షుల సంఖ్య దానితో నమోదు కావాలి. 1987లో మొదలై ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో ఔత్సాహికులు తమ ఊరి చెరువును లెక్కించి పాలుపంచుకోవచ్చు. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడపట్టీలు తొడిగిన పట్టెతల బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించినప్పుడు, దూరం నుంచి తీసిన చిత్రాల్లో పట్టీ మీది అక్షరాలూ అంకెలూ చదవగలిగినందువల్లే ఆ పక్షి ఏ సరస్సు నుంచి ఏ సరస్సుకు వచ్చిందో తెలిసింది.