ఎక్కడి నుండి మొదలుపెట్టాలి?

గడచిన వేసవి సెలవుల్లో మా పదేళ్ల అబ్బాయి ఒకే ప్రశ్నతో మా వెంట పడ్డాడు: "నాయనా, అల్ట్రామేన్ ఎక్కడి నుండి చూడాలి?" బేతంచెర్ల ఎండల్లో, రాతి కోత మిషన్ల మోత నడుమ, పిల్లలను ఇంటిపట్టున ఉంచడం కష్టం. ఫోను చేతికిచ్చి ఊరుకోవడం సులువు. చాలా రోజులు మేమూ ఆ సులువైన పనే చేశామని ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న చిన్నదే అనుకున్నాము. వెదికితే అది అరవై ఏళ్ల చరిత్ర అని తెలిసింది. గాడ్జిల్లా చిత్రానికి మాయాదృశ్యాలు కల్పించిన ఎయిజీ త్సుబురాయ సంస్థ 1966లో అల్ట్రామేన్‌ను జపాన్ టెలివిజన్‌కు తెచ్చింది. 1971లో కామెన్ రైడర్, 1975లో ఐదుగురు వీరుల సూపర్ సెంటాయ్ వచ్చాయి. ఆ సెంటాయ్ దృశ్యాలనే వాడుకొని అమెరికావారు 1993లో పవర్ రేంజర్స్ తయారుచేశారు. అంతకు ముందే, 1980లలో, మన పెద్దలు దూరదర్శన్‌లో చూసిన జెయింట్ రోబో కూడా జపాను నుండి వచ్చినదే.

ఇన్ని వందల భాగాలను మొదటి నుండి చూడనవసరం లేదు. కామెన్ రైడర్, సెంటాయ్‌లలో దాదాపు ఏటా కొత్త వీరుడు, కొత్త కథ. అల్ట్రామేన్‌లో పాత వీరులు ఒకే లోకానికి చెందినవారైనా, 1996 నాటి టిగా కథ వేరే లోకంలో జరుగుతుంది, 52 భాగాలు. మొదటి అల్ట్రామేన్‌కు 39 భాగాలే. ఇంచుమించు ప్రతి భాగంలో ఒక రాక్షసమృగం వస్తుంది, ఆ కథ అక్కడితో ముగుస్తుంది. మేము దానినే ఎంచుకున్నాము.

ఒక నియమం పెట్టుకున్నాము. అసర్ నమాజు తరువాత ఒక్క భాగం, అదీ అందరం కలిసి. మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు ఫోను గూట్లో ఉండాలి. అల్ట్రామేన్ శక్తి భూమి మీద కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఛాతీ మీది నీలి దీపం ఎర్రబడి మినుకుమంటే గడువు దగ్గరపడినట్టు. మా గడువును కూడా వాడు అలాగే అర్థం చేసుకున్నాడు. "దీపం ఎర్రబడింది" అని తానే లేచి వుజూ చేసుకోవడానికి వెళ్లేవాడు.

మలేషియా ముస్లిం కుటుంబాలలో కూడా ఈ వీరుడు ఎంతో ప్రసిద్ధుడు. అయితే 2014లో అక్కడి ప్రభుత్వం ఒక అల్ట్రామేన్ బొమ్మల పుస్తకాన్ని నిషేధించింది. అందులో ఆ వీరుల రాజును గురించి చెబుతూ 'అల్లాహ్' అనే పదం వాడారు. అభ్యంతరం ఆ మాటకే గాని బొమ్మ వీరునికి కాదు. ఈ సంగతి చదివినప్పుడు, అది ఎక్కడో దూరాన జరిగిన వివాదమని అనుకున్నాము. చివరి భాగం చూసిన రోజున అది మా ఇంటికే వచ్చింది.

ఆ భాగంలో జెట్టన్ అనే మృగం చేతిలో అల్ట్రామేన్ ఓడి నేలకూలుతాడు. మృగాన్ని చంపేది మనుషులు చేసిన ఆయుధం. తరువాత జోఫీ అనే మరో వీరుడు ఆకాశం నుండి దిగి, తాను రెండు ప్రాణాలు తెచ్చానంటాడు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మన జేజినాయనకు కూడా ఒకటి తెచ్చి ఉంటే బాగుండేది కదా" అన్నాడు.

వాడి జేజినాయన నిరుడు షాబాన్ నెలలో అల్లాహ్ సన్నిధికి చేరారు. ఆనాడు వాడు ఏడవలేదు. చిన్నపిల్లవాడు, మరచిపోయాడనుకున్నాము. ఏడాదిగా ఆ దుఃఖాన్ని లోలోపల మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

గడప దగ్గర చింతకాయలు కొడుతున్న జేజి చేయి ఆపింది. "అబ్బీ, ప్రాణమేమన్నా మూట కట్టుకొని తెచ్చే సరుకా? ఇచ్చినవాడే తీసుకున్నాడు. మళ్లీ లేపేవాడూ ఆయనే. అంతవరకు నువ్వు మీ జేజినాయనకు చేయగలిగింది ఒకటుంది. దువా చెయ్యి" అంది.

"నేను చేస్తే ఆయనకు అందుతుందా?"

"అందుతుంది. మంచి బిడ్డ చేసే దువా చనిపోయినవాళ్లకు మేలు చేస్తుందని మన ప్రవక్త చెప్పారు. మనవడివి నువ్వూ బిడ్డవే."

ఆ రాత్రి ఇషా తరువాత వాడు చాలాసేపు చేతులెత్తి కూర్చున్నాడు. ఆ తరువాతే కన్నీళ్లు వచ్చాయి. మాకూ వచ్చాయి.

వాడు ఆ భాగాన్ని గదిలో మూల ఒంటరిగా చూసి ఉంటే ఆ ప్రశ్న ఎవరిని అడిగేవాడు? జోఫీ మాటనే జవాబుగా మిగుల్చుకునేవాడేమో. ఆ తలపు మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతుంది. తౌహీద్ పాఠం మదరసాలో నేర్పుతారు, నిజమే. అది పిల్లవాడి గుండెకు అవసరమయ్యే ఘడియ మాత్రం ముందుగా చెప్పి రాదు.

పాఠకులలో ఎవరి పిల్లలైనా ఇదే ప్రశ్న అడిగితే మా సమాధానం ఇది: 39 భాగాల మొదటి కథతో మొదలుపెట్టవచ్చు, టిగాతోనైనా మొదలుపెట్టవచ్చు. వారి పక్కన పెద్దలెవరైనా కూర్చోవాలి. ఇప్పుడు మేము టిగా చూస్తున్నాము. జేజి కూడా చింతపండు చాట ముందు పెట్టుకొని కూర్చుంటోంది. మృగం వచ్చినప్పుడల్లా, "దీన్ని కూడా ఆయనే పుట్టించినాడా, అబ్బీ?" అని అడుగుతోంది. "లేదు జేజీ, లోపల మనిషి ఉన్నాడు" అని వాడు నవ్వుతున్నాడు.

అల్లాహ్ మన పిల్లల హృదయాలను సన్మార్గంలో నిలుపుగాక. ఆమీన్.