మరల చదివిన పాఠము

పరీక్షలో వెనుకబడుట చిన్నపిల్లలకే సంభవించు సంగతి యని మనలో ననేకుల యభిప్రాయము. ఇద్దరు బిడ్డల తల్లులమైన పిమ్మట పుస్తకము చేతబట్టి, తక్కువ గ్రేడు తెచ్చుకొని, ఆ పాఠమునే మరల చదువవలసి వచ్చిన మా యనుభవమును సోదరీమణులకు విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2014వ సంవత్సరమున మేము అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, భర్తగారి యుద్యోగమును బట్టి కాపురముండి, అచ్చటి విశ్వవిద్యాలయ మొకదానిలో ప్రజారోగ్యశాస్త్రమున మాస్టర్సు చదువునకు చేరితిమి. పిల్లలను చూచుకొనుటకై మా యత్తగారు మామగారిని తెనాలిలో నొంటరిగా విడిచి, ఆరు నెలలకని ఆగస్టులో వచ్చిరి.

అచ్చట ఏ గ్రేడునకు నాలుగు, బి గ్రేడునకు మూడు, సి గ్రేడునకు రెండు పాయింట్లు. మాస్టర్సు చదువువారి సగటు 3.0 కంటె తగ్గరాదనుట పెక్కు విశ్వవిద్యాలయముల నియమము. మొదటి సెమిస్టరున మేము చదివిన మూడు కోర్సులలో రెంటికి బి వచ్చెను. గణాంకశాస్త్రమునకు సి వచ్చెను. ఎనిమిదిని మూటితో భాగింపగా సగటు 2.67. మమ్ము ప్రొబేషనులో నుంచితిమనియు, సగటు పెంచుకొననిచో చదువు మానవలసి వచ్చుననియు ఈమెయిలు వచ్చెను. కాగితపు జాబైనచో చీరల మడతలలో దాచియుందుము. అది ఫోనులో నుండుటచే ఫోనునే యెవరి కంటను బడకుండ దాచుకొన నారంభించితిమి.

నాలుగవనాటి రాత్రి అత్తగారు మా ప్రక్కన కూర్చుండి, వణకుచున్న గొంతుతో, "అమ్మాయీ, మీ మామగారికేమైనా అయిందా? నాతో చెప్పకుండా దాస్తున్నారా?" అని యడిగిరి. మా మనస్సు చివుక్కుమనెను. మేము సిగ్గుతో దాచిన ఒక యక్షరము ఆ పెద్దదానికి నాలుగు రాత్రులు నిద్ర లేకుండ చేసినది. జరిగినదంతయు చెప్పితిమి. ఆమె కన్నులు తుడుచుకొని, "చదువే కదా! మళ్ళీ చదువు. నేను కాపరానికొచ్చిన ఏడు సంక్రాంతికి అరిసెల పాకం ముదరబెట్టాను. మా అత్తగారు తిట్టి, మళ్ళీ బెల్లం చేతికిచ్చింది" అనిరి.

మరునాడు విశ్వవిద్యాలయపు కార్యాలయమునకు పోయి నియమములు కనుగొంటిమి. మన దేశమున సాధారణముగా తప్పిన పరీక్షను సప్లిమెంటరీగా, తక్కువ మార్కులు వచ్చినదానిని ఇంప్రూవుమెంటుగా వ్రాసిన చాలును. అచ్చట నట్లు కాదు. ఫీజు మరల కట్టి, తరగతులు మరల విని, వారపు పనులన్నియు మరల చేయవలెను. కొన్ని విశ్వవిద్యాలయములు పాత గ్రేడును తీసివైచి క్రొత్తదానినే సగటులో లెక్కించును; కొన్ని రెంటిని లెక్కించును. ఎట్లైనను పాత గ్రేడు సాధారణముగా ట్రాన్స్‌క్రిప్టునుండి చెరగదు.

మాది రెంటిని లెక్కించు చోటు. పాతది తీసివైచుచో, ఏ వచ్చినచో సగటు 3.33 కావలసినది, రెండును లెక్కించిన సరిగా 3.0 మాత్రమే యగును. బి వచ్చినచో 2.75 తోనే నిలిచిపోదుము. అనగా ఏ తప్ప మరియొక దారి లేదు.

మొదటిసారి మేమెచ్చట తప్పితిమో అప్పుడు యోచించుకొంటిమి. పిల్లలు నిద్రించిన పిదప, చేసియున్న లెక్కలను చదివి, తెలిసినదనుకొంటిమే గాని, పుస్తకము మూసి స్వయముగా ఒక్క లెక్కయు చేసి యెరుగము. ఈ వయస్సున నింత చిన్న సందేహమా యని నవ్వుదురేమో యను భయముచే ఆచార్యుల గది గడప త్రొక్కలేదు. రెండవ సెమిస్టరున ఆ యొక్క కోర్సే తీసికొంటిమి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కాగితముపై లెక్కలు చేసితిమి. సందేహములకై ఆచార్యులు కేటాయించిన గంటకు ప్రతివారము పోతిమి, ఎవరును నవ్వలేదు. ప్రామాణిక విచలనమను మాటకు నిజమైన యర్థము మాకు రెండవసారియే తెలిసినది. ఫిబ్రవరిలో అత్తగారు తెనాలికి మరలిపోయిరి. నాటినుండి ఉదయమున పిల్లల జడలు, భోజనపు డబ్బాలు మావారి వంతైనవి. జడలు వంకరగనే యుండెడివి.

మే నెలలో ఏ వచ్చెను. మొదట తెనాలికి ఫోను చేసితిమి. "పాకం కుదిరిందన్నమాట" అని అత్తగారు నవ్విరి.

నేటికిని మా ట్రాన్స్‌క్రిప్టులో ఆ సి యున్నది. దాని క్రింద ఏ యున్నది. ఉద్యోగమున కడుగబోయినచోట దానిని గూర్చి ప్రశ్నింపగా ఉన్నదున్నట్లు చెప్పితిమి, ఉద్యోగము వచ్చెను.

సోదరీమణులారా, మీలో నెవరికైనను, మీ బిడ్డలకైనను ఇట్టి యవస్థ వచ్చినచో, ఫీజు కట్టకమునుపే నియమమును చదువుడు. పాత గ్రేడు సగటులో నుండునో పోవునో వ్రాతమూలముగా నడిగి తెలిసికొనుడు. అంతకు ముందే, ఆ రాత్రియే, ఇంటివారితో చెప్పుడు. సి గ్రేడునకు మరల చదువుట యను మందు కలదు. అత్తగారి ఆ నాలుగు రాత్రుల నిద్రను మేము తిరిగి యీయలేకపోయితిమి.