ఇంటి మరమ్మతు – ఒక ఫిర్యాదు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ సామెత చెప్పినవారు క్రొత్త ఇల్లు కట్టడాన్ని గురించి చెప్పారే గాని, ఉన్న ఇంటిని బాగుచేయించడాన్ని గురించి చెప్పలేదు. క్రొత్త ఇంట్లో పునాది మొదలు అన్నీ మన ఎదుటనే లేస్తాయి. పాత ఇంటి మరమ్మతులో పాతగోడ ఏమి దాచుకొన్నదో, దానికి క్రొత్తగోడ ఎట్లా అతుకుతుందో తొలివాన కురిసేదాకా ఎవరికీ తెలియదు. ఆ వాన కురిసిన తరువాత గృహస్థు పడే అవస్థను, దానినుండి బయటపడడానికి చట్టం చూపే మార్గాన్ని మా అనుభవం ఆధారంగా విద్యార్థి మిత్రులకు నివేదించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తెలుగు బోధించేవారం గనుక మాటలతోనే మొదలుపెడతాము. ఇంటిపనికి సంబంధించిన మాటలలో చాలా భాగం దూరదేశాలనుండి వచ్చి మన గడపలో స్థిరపడినవే. మేస్త్రి పోర్చుగీసువారి మాట. మరమ్మతు, రసీదు, ఖరారు, జామీను, రాజీ మొదలైనవి అరబీ, పారసీకాలనుండి వచ్చినవి. గుత్తేదారులో 'గుత్త' మనది, 'దారు' పారసీకులది. ఇక 'ఫిర్యాదు' అన్న మాటకు పారసీకంలో మొర, ఆర్తనాదం అని అర్థం. ఉర్దూ కవులు నేటికీ దానిని గుండెలోని ఆక్రందనకే వాడుతారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట కచేరీలో దాఖలు చేసే కాగితమైంది. ఇది రసహాని అని మా ఉర్దూశాఖ మిత్రులు పరిహాసం చేస్తుంటారు. మాకు మాత్రం అది భాష సాధించిన గొప్ప లాభంగా తోస్తున్నది. మొర గాలిలో కలిసిపోతుంది. తేదీ, సంతకం ఉన్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

మాది రాజమహేంద్రవరంలో తాతలనాటి పెంకుటిల్లు. గానుగసున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాలు, ముందు వసారా, వెనుక నుయ్యి. 1986 ఆగస్టునాటి గోదావరి వరదలలో లంకలనుండి వచ్చిన బంధువులు ఈ ఇంట్లోనే తలదాచుకొన్నారనీ, 1996 నవంబరు తుపానుకు కొన్ని పెంకులు లేచిపోవడం తప్ప మరే నష్టమూ కలుగలేదనీ మా నాయనగారు చెప్పేవారు. వారు గతించిన కొంతకాలానికి వెనుకగదుల దూలాలను చెదలు తినివేసినవి. మా తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. వానలో పెరటిలోని స్నానాలగదికి నడిచివెళ్ళడం ఆమెకు దుర్భరమైంది. కనుక 2022 ఫిబ్రవరిలో ఆ రెండు గదులకు పెంకులు దింపించి శ్లాబు వేయించాలని, తల్లిగారి గదిని ఆనుకొని స్నానాలగది కట్టించాలని నిశ్చయించాము. అందుకు తీసినది మా నాయనగారి గ్రాట్యుటీ సొమ్ము. ఒక మనిషి తన ఉద్యోగజీవితమంతా పోగుచేసి భార్యకు విడిచివెళ్ళిన ధనమది. పని చెడితే మళ్ళీ చేయించడానికి మరో నిధి లేదు.

పని ఒప్పుకొన్నవారు లైసెన్సు గల కాంట్రాక్టరు, మా పేటలో పదిమందికి పరిచితులు. వారి పేరు ఇక్కడ అప్రస్తుతం. మా నాయనగారి అలవాటు ప్రకారం ఒప్పందాన్ని స్టాంపు కాగితంమీద వ్రాసుకొన్నాము. పవిత్ర ఖురాన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన ఆయత్, బఖరా అధ్యాయంలోని 282వది, రుణవ్యవహారం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా వ్రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశిస్తున్నదని వారు తరచు గుర్తుచేసేవారు. మొత్తం 6,40,000 రూపాయలు. శ్లాబుకు ఏ పాళ్ళ కాంక్రీటు, ఎన్ని రోజులు నీరు పట్టాలి, ఏ దశకు ఎంత చెల్లించాలి అన్నవన్నీ అందులో ఉన్నవి. మే నెలాఖరుకు 5,80,000 రూపాయలు చెక్కులద్వారా చెల్లించాము.

జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చిన రోజులలోనే మా శ్లాబు మూడుచోట్ల కారింది. పాతగోడ, క్రొత్తగోడ కలిసేచోట నిలువునా బీట తీసింది. స్నానాలగదిలో నీరు తూముకు పోక గుమ్మంవైపు మళ్ళింది. టైల్సును నాణెంతో తట్టిచూస్తే సగానికిపైగా డొల్ల శబ్దం. అరవైయెనిమిదేండ్ల వయసులో, మోకాళ్ళ నొప్పులతో, మా తల్లిగారు తడిసిన ఆ నేలమీద గోడ పట్టుకొని నడవవలసివచ్చింది. ఏ ప్రమాదం తప్పించడానికి ఆ గది కట్టించామో ఆ ప్రమాదాన్నే కట్టించి పెట్టుకొన్నట్లయింది.

ఇట్లా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం అవసరం. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది భ్రమ. సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయనచర్యవల్ల అది గట్టిపడుతుంది. ఆ చర్య సాగినన్నాళ్ళూ తడి ఉండాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద వంటివి కలిసిన సిమెంటుకు 10 రోజులు నీరు పట్టాలని, వేడి, పొడి వాతావరణంలో ఆ గడువులు 10, 14 రోజులకు పెరగాలని 2000 నాటి భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతున్నది. మా శ్లాబుకు ఏప్రిల్ ఎండలో నాలుగవరోజున నీరు ఆపివేశారు. కలిపేటప్పుడేమో నీరు ఎక్కువ. 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 27 లీటర్లకు మించకూడని చోట, పలుచగా ఉంటే తేలికగా పరుచుకొంటుందని బకెట్లకొద్దీ పోశారు. ఆ అదనపు నీరు ఆవిరై పోయినచోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాననీరు వాటిగుండానే దిగుతుంది. పైగా మన డెల్టా నేలలలో బంకమట్టి పాలు ఎక్కువ; వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకొంటుంది. లోతైన పాత పునాదిమీది గోడకు, లోతులేని క్రొత్త పునాదిమీది గోడను సరియైన కట్టు లేకుండా ఆనించినచో బీట తప్పదు. పదవీవిరమణ చేసిన ఒక ఇంజనీరుగారు ఇవన్నీ పరిశీలించి, కొలిచి, ఛాయాచిత్రాలతో నివేదిక వ్రాసి ఇచ్చారు.

కాంట్రాక్టరుగారు మొదట "పాత ఇళ్ళకు ఇది మామూలే" అన్నారు. తరువాత మేస్త్రి తప్పు అన్నారు. ఆపైన, తమకు లైసెన్సు ఉన్నదని, తమ పనిని తప్పుపట్టడానికి మేమెవరమని అడిగారు. లైసెన్సు అనేది ఒక వ్యక్తి పనికి అర్హుడని చెబుతుంది. చేసిన ప్రతి పనీ మంచిదని అది చెప్పదు. అర్హత ఉండీ సరిగా చేయనివాని బాధ్యత పెరుగుతుందే గాని తగ్గదు.

ఇంతలో మరొక చిక్కు వచ్చిపడింది. మేము ఆపి ఉంచిన 60,000 రూపాయలను సాకుగా చూపి ఆయన మేస్త్రికి మూడు వారాల కూలి ఎగవేశారు. ఒక సాయంకాలం ఆ మేస్త్రి మా వసారాలో నిలబడి, "నాదేం లేదు మాస్టారూ, ఆయన కలపమన్నట్టే కలిపానండి. నీళ్ళ ట్యాంకరుకి డబ్బులివ్వకపోతే తడపడం నా వల్ల అవుద్దా అండి? మీ గొడవలో నా కూలి పోయిందండి" అన్నాడు. ఆ మాటకు మావద్ద జవాబు లేదు. మేము న్యాయమని ఆపిన సొమ్ము మరొకరి ఇంట్లో పొయ్యి వెలగకుండా చేస్తున్నది. అతనిని సాక్ష్యం చెప్పమని అడిగితే రేపు ఆ ఊళ్ళో ఏ కాంట్రాక్టరూ పనికి పిలవడు. అందుచేత అడుగలేదు.

పేటపెద్దలు కలుగజేసుకొన్నారు. "మనలో మనకి కాగితాలేమిటి మాస్టారూ, నలుగురం కూర్చుని రాజీ పడదాం" అన్నారు. వారి మాట మన్నించి రెండుసార్లు కూర్చొన్నాము. రెండుసార్లూ కాంట్రాక్టరుగారు మాట ఇచ్చారు. రెండుసార్లూ పని జరుగలేదు. మూడవసారి మేము నోటీసు పంపి, గడువు ముగిసిన తరువాత వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాము.

ఇక్కడ చట్టాన్ని గురించి కొంత చెప్పవలసి ఉన్నది. వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకొంటున్నాము. ఇల్లు కట్టడం ఈ చట్టం క్రింద 'సేవ' అవునా కాదా అన్న సందేహం కొన్నేండ్లు నడిచింది. 1993లో సవరణద్వారా గృహనిర్మాణాన్ని చట్టంలో స్పష్టంగా చేర్చారు. అదే సంవత్సరం నవంబరు 5న లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ, ఎం.కె. గుప్తాల మధ్య వ్యాజ్యంలో, ఆ సవరణకు పూర్వం కూడ అది సేవయేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాసిరకం వస్తువులు వాడటం సేవలో లోపమేనని ఆ తీర్పు సారాంశం. పాతచట్టం స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించేచోటనే దావా వేసుకోవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషన్‌కు వెళ్ళాలి. 5 లక్షలవరకు రుసుము లేదు. ఆపైన 10 లక్షలవరకు 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు. వివాదకారణం పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయాలి. సలహాకోసం 1915 నెంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ చట్టంలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన విషయం మరొకటి. యజమాని ఆజ్ఞలకు లోబడి చేసే వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని 'సేవ' నిర్వచనంనుండి మినహాయించారు. అనగా ప్రతిఫలం పుచ్చుకొని పనిని గుత్తకు తీసుకొన్నవాడే జవాబుదారి. అతని ఆజ్ఞలకు లోబడి తాపీ పట్టిన కూలివాడు కాడు. మా వసారాలో మేస్త్రి తన భాషలో చెప్పినదీ అదే. కనుక మా ఫిర్యాదులో లోపాలను వరుసగా వ్రాసి, వాటికి మేస్త్రి బాధ్యుడు కాడని, అతని కూలి బాకీ ఉన్నదని ఒక పేరా ప్రత్యేకంగా చేర్చాము.

రాజీకి అవకాశం ఉన్నదని తోచినచో ఉభయుల సమ్మతితో మధ్యవర్తిత్వానికి పంపే ఏర్పాటు 2019 చట్టంలో ఉన్నది. మా వ్యవహారం ఆ దారిలోనే ముగిసింది. కాంట్రాక్టరుగారు తమ ఖర్చుతో శ్లాబుపై పొరను చెక్కించి నీరు దిగని పూత వేయించాలి. టైల్సు తీసి వాలు సరిచేసి మళ్ళీ పరవాలి. శ్లాబుమీద 48 గంటలు నీరు నిలిపి పరీక్షించాలి. మా వద్దనున్న 60,000లో మేస్త్రి కూలి మొదట నేరుగా అతనికే ముట్టాలి. తక్కినది పరీక్ష నెగ్గిన తరువాత కాంట్రాక్టరుకు ముట్టాలి. ఇదంతా వ్రాసి ఉభయులం సంతకాలు చేశాము. 2023 వేసవిలో పని పూర్తయింది. ఆ తరువాతి వానకు శ్లాబు కారలేదు. పేటపెద్దలు కోరినదీ రాజీయే, చివరకు జరిగినదీ రాజీయే. రెండవదానికి సంతకాలున్నవి. కాంట్రాక్టరుగారు ఇప్పటికీ వీధిలో ఎదురైతే సలాము చేస్తారు. కాగితం స్నేహాన్ని చెరుపుతుందన్న భయం మా విషయంలో నిజం కాలేదు.

మయుడు ధర్మరాజుకు సభ కట్టడానికి పదునాలుగు మాసాలు పట్టిందని భారతం చెబుతున్నది. ఖాండవదహనంలో తన ప్రాణాలు కాపాడిన అర్జునుని ఋణం తీర్చుకోవడానికి అతడు కట్టాడు; అక్కడ ఒప్పందంతో గాని రసీదుతో గాని నిమిత్తం లేదు. నేటి కాలంలో కట్టేవానికీ కట్టించుకొనేవానికీ మధ్య అటువంటి ఋణం లేదు. ఉన్నది సొమ్ము, దానికి బదులుగా ఇచ్చిన మాట.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు కాంట్రాక్టర్లవుతారు. మీలో పలువురి తండ్రులు, అన్నలు ఈనాడు తాపీ పట్టి, సెంట్రింగు కొట్టి, రంగులు వేసి మిమ్ములను చదివిస్తున్నారని మేమెరుగుదుము. మీరు ఇల్లు కట్టించుకొనే రోజున ఒప్పందం వ్రాసుకోండి. రసీదులు భద్రపరచండి. శ్లాబు వేసిన రోజునుండి తడి ఎన్నాళ్ళు పట్టారో తేదీలతో ఒక పుస్తకంలో గుర్తువేయండి. మీరు ఇల్లు కట్టే రోజున, ఆ పుస్తకం మీ ఎదుట పెట్టినా తల వంచుకోనక్కరలేకుండా కట్టండి. అన్నిటికంటె ముందు, పనిచేసినవాని కూలి ఆనాటిది ఆనాడే ఇవ్వండి.